ఎన్నికలొస్తే దేశం మీద గర్వం పెరుగుతుందా, తరుగుతుందా?

గోదారిగట్టు:
ఇది ప్రశ్నో కంప్లైంటో నాకే తెలీడం లేదు. ఆగస్టు 15న జెండా ఎగరేస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, మా ఆవిడ చూసి నవ్వుతుంది కూడా. కానీ ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజు నుంచి ఆ పులకరింత ఎటు పోతుందో పోతుంది. మా ఫ్యామిలీ గ్రూపులో బావ పొద్దున్నే ఒక వీడియో పెడతాడు, దానికి మా చిన్నాన్న కొడుకు ఇంకోటి పెడతాడు, మధ్యాహ్నం అన్నాల వేళకి ఇద్దరూ ఒకర్నొకరు దేశద్రోహి అనేసుకుంటారు. నిన్న ఉండబట్టలేక "ఎవరికైనా వేసుకోండి గానీ దేశం గురించి కాస్త గర్వంగా ఉండండయ్యా" అన్నాను. బావేమో "అదీ, ఇప్పటికి మా దారికొచ్చావ్" అన్నాడు. తమ్ముడేమో "అన్నయ్యా, నువ్వు కూడానా" అన్నాడు. అంటే దేశం గురించి మంచిమాట అంటే ఒక పార్టీ, తప్పు ఎత్తి చూపితే ఇంకో పార్టీ. మధ్యలో ఉన్నవాడు ఈ రెండు నెలలు దేశాన్ని ఎక్కడ దాచుకోవాలి? మీలో ఎవరికైనా సరిగ్గా ఎన్నికలప్పుడే గర్వంగా అనిపించిన సందర్భం ఉందా? పార్టీల పేర్లు ఎత్తకుండా చెప్పండి, లేకపోతే ఈ థ్రెడ్‌కి తాళం పడుతుంది.

ఉల్లిదోశ:
గ్రూపు మ్యూట్‌లో పెట్టండి. గర్వం దానంతటదే తిరిగొస్తుంది.

లాజిక్‌లింగం:
గర్వపడాల్సిన లెక్కలు నేనిస్తా చూడండి. 2024లో గెలిచిన 543 మంది ఎంపీల అఫిడవిట్లు ఏడీఆర్ అనే ఎన్నికల నిఘా సంస్థ వాళ్లు చదివారు. 251 మంది మీద క్రిమినల్ కేసులున్నాయి, 504 మంది కోటీశ్వరులు. ఇవి ఎవరో గిట్టనివాళ్లు చెప్పినవి కావు, వాళ్లంతట వాళ్లు సంతకం పెట్టి ఇచ్చినవి. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలట. మా వార్డులో బిర్యానీలకే అంతయ్యుంటుంది. ఒళ్లు పులకరించడం సంగతేమో గానీ నాకు మండుతుంది.

కిటికీసీటు:
లింగం అన్నా, ఆ అఫిడవిట్లు మనం చదవగలుగుతున్నాం అన్నది కూడా ఒక లెక్కే కదా. అడిగి మరీ రాయించుకుంటున్నాం.

లాజిక్‌లింగం:
రాయించుకుని, చదివి, మళ్లీ వాళ్లకే వేస్తున్నాం. అది కూడా లెక్కలో వేసుకో.

సుద్దముక్క:
నేను ప్రభుత్వ స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇప్పటికి ఆరుసార్లు పోలింగ్ డ్యూటీ చేశా, అందులో నాలుగుసార్లు పీవోగా, అంటే బూత్‌కి పెద్దగా ఉండే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. గోదారిగట్టు గారు అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది, కాస్త పెద్దది.

ముందు రోజు డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో ఎండలో నిలబడి సామాను తీసుకుంటాం. మిషన్లు, సీళ్లు, ట్యాగులు, ఇంకు సీసా, పదుల కొద్దీ కవర్లు. చెక్‌లిస్టు పెట్టుకుని చూసుకోకపోతే ఏదో ఒకటి తప్పకుండా తగ్గుతుంది. బస్సులో ఊరు చేరి, స్కూలు బెంచీలు రెండు కలిపి పడుకుంటాం. దోమలు ఏ పార్టీవో తెలీదు, అందరినీ సమానంగా చూస్తాయి. పొద్దున నాలుగున్నరకి లేచి స్నానం అయిందనిపించుకుని, పోలింగ్‌కి గంటన్నర ముందు ఏజెంట్లని కూర్చోబెట్టి మాక్ పోల్. తక్కువలో తక్కువ 50 ఓట్లు వాళ్ల ఎదురుగా వేసి, మిషన్ లెక్కా వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపించే పెట్టె) స్లిప్పుల లెక్కా సరిపోయిందని చూపించి, మొత్తం చెరిపేసి సీలు వెయ్యాలి. ఆ చెరిపేయడం మర్చిపోతే ఉద్యోగం మీదకొస్తుంది, అందుకే నేను అరచేతి మీద రాసుకుంటాను.

ఇక నేను చెప్పదలుచుకున్నది సాయంత్రం సంగతి. టైము అయ్యేసరికి గేటు లోపల ఉన్నవాళ్లందరికీ ఓటు వేసే హక్కుంది. ఎవరు లోపల ఉన్నారో తేల్చడానికి మేం నంబర్లు వేసి, సంతకం పెట్టిన స్లిప్పులు పంచుతాం. అవి ముందు నుంచి పంచకూడదు. క్యూలో చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకి రావాలి, మధ్యలో ఎవరూ దూరకుండా. అంటే ఒకటో నంబరు స్లిప్పు చివర నిలబడ్డవాడికి. ఒకసారి ఆ చివర ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు, సిమెంటు చేతులతోనే పని మీద నుంచి పరిగెత్తుకొచ్చాడు. "సార్, నేను ఆఖరోణ్ణి, నాకు ఒకటి ఇచ్చారేంటి" అన్నాడు. రూలు అంతేనయ్యా అన్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎన్ని ఆఫీసులకి తిరిగానో, చివర నిలబడ్డవాడికి ఒకటో నంబరు ఇచ్చే రూలు మాత్రం ఇంకెక్కడా చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది ఆ ఐదు నిమిషాలే. ఆ తర్వాత రాత్రి రెండింటి దాకా రిసెప్షన్ సెంటర్‌లో కవర్లు సర్దుతూ అందర్నీ తిట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఉల్లిదోశ:
మాస్టారూ, దోమలకి ఎన్నికల కోడ్ వర్తించదా?

వలసపక్షి:
సుద్దముక్క గారి పోస్టు సేవ్ చేసుకున్నా.

సీతాకోక77:
నేనూ టీచర్నే, మాస్టారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే చెప్పనిది ఒకటుంది. నాకు పడిన కేంద్రంలో ఆడవాళ్లకి బాత్రూముకి గడియ లేదు. నేనూ ఇంకో మేడమూ వంతులేసుకుని తలుపు పట్టుకున్నాం. మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు తాగడం మానేశాం. డ్యూటీ డబ్బులు ఎప్పుడొచ్చాయో అసలు గుర్తే లేదు. ప్రపంచంలోనే పెద్ద ప్రజాస్వామ్యం అని పేపర్లో చదువుతుంటే నాకు ఆ గడియే గుర్తొస్తుంది. గర్వం ఉండొచ్చు, ఒప్పుకుంటా. గడియ కూడా ఉంటే బాగుంటుంది.

సుద్దముక్క:
మేడం, అది నిజమే. మగవాళ్లం మేం చెంబు పట్టుకుని పొలం గట్టుకి పోయాం కాబట్టి రాయడం గుర్తురాలేదు.

లాజిక్‌లింగం:
ఇదే నేను చెప్పేది. మాస్టారు చెప్పిన రూలు బ్రహ్మాండం. కానీ చివర నిలబడ్డ ఆ మేస్త్రీకి ఒకటో నంబరు దొరికేది ఐదేళ్లకోసారి, అదీ ఐదు నిమిషాలు. మర్నాడు రేషన్ కార్డు కోసం వెళ్తే మళ్లీ చివర్నే.

పాతఫైలు:
లింగంగారూ, మీ వయసెంతో నాకు తెలీదు గానీ కాస్త వెనక్కి వెళ్లి మాట్లాడదాం. నేను రిటైరై పదేళ్లయింది. మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలైతే 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. 17 కోట్ల పైచిలుకు ఓటర్లు, అందులో ఎక్కువమంది అక్షరం ముక్క రానివాళ్లు. అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాగితం మీద ముద్ర వేసే పని కూడా లేదు, నచ్చిన పెట్టెలో వెయ్యడమే. అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్‌కి ఒక చిక్కొచ్చి పడింది. ఓటర్ల జాబితా రాసేవాళ్లు ఇళ్లకి వెళ్తే ఆడవాళ్లు చాలామంది తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి, అంతే. ఆయన అలా కుదరదు, పేరుంటేనే ఓటరు అన్నాడు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో.

అది తప్పో ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అన్యాయమే. కానీ ఒక ప్రభుత్వం ఒక ఇల్లాలిని "అమ్మా, నీ పేరేంటి" అని అడగడం, చెప్పకపోతే కుదరదనడం ఆ రోజుల్లో ఎంత వింతో ఊహించండి.

సీతాకోక77:
మా తాతమ్మని ఊళ్లో అందరూ కరణంగారి కోడలనేవారు. ఆవిడ పేరు సుభద్రమ్మ అని నాకు తెలిసింది ఆవిడ పోయాక, పాత కాగితాల్లో. నాకు ఇది చదివాక ఏం రాయాలో తెలీడం లేదు. తప్పే అనిపిస్తుంది పాతఫైలుగారూ. పేరు చెప్పే అలవాటు లేనిది వాళ్ల నేరం కాదుగా.

కొత్తఓటరు:
స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకి దేశం మొత్తం మీద ఓటు వచ్చింది 1971లో అని మా సార్ చెప్పారు. మనకి మొదటి రోజు నుంచే ఉంది. ఇది మాత్రం నాకు గర్వంగానే ఉంది, ఎవరేమన్నా సరే.

పాతఫైలు:
ఇప్పుడు 2024 చూడండి, ఓటేసినవాళ్లు 64 కోట్ల మంది. పోలింగ్ శాతంలో ఆడవాళ్లు మగవాళ్లని కొద్దిగా దాటారు కూడా. మా అమ్మకి అప్పటికి 88. ఆవిడ మొదటి ఓటు 1957లో. 85 దాటినవాళ్లకి ఫారం 12డీ పెట్టుకుంటే ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారని చెప్పాను. ససేమిరా అంది. "ఇంట్లో వేస్తే ఎవరు కనిపిస్తార్రా, అక్కడికెళ్తే నలుగురూ పలకరిస్తారు" అని. ఆటో మాట్లాడి తీసుకెళ్లాను. గంటసేపు క్యూ పక్కన కుర్చీలో కూర్చుని ఊరందరి కోడళ్ల సంగతీ కనుక్కుంది.

ఉల్లిదోశ:
అసలైన ఎగ్జిట్ పోల్ ఆవిడ దగ్గరుండేది.

నీలంవేలు:
నా కథ ఎవరికీ నచ్చదు కానీ చెప్తా. బెంగళూరు నుంచి లీవు పెట్టి, రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లా. పోలింగ్ ఆఫీసర్ లిస్టు చూసి "మీ ఓటు పడిపోయిందండీ" అన్నాడు. నా పేరు మీద ఎవడో వేసేశాడు. నా వేలికి ఇంకు లేదు, చేతిలో కార్డుంది, నేను బతికే ఉన్నా. అరిచాను, ఏడుపొచ్చింది. అక్కడున్న ఏజెంట్లు ముగ్గురూ గోడవైపు చూస్తున్నారు, ముగ్గురికీ తెలుసన్నమాట. దేశం, గర్వం, ఇవన్నీ ఆ రోజు నాకు బూతుమాటల్లా వినిపించాయి.

సుద్దముక్క:
టెండర్ ఓటు ఇవ్వలేదా? 49పీ అని ఒక రూలుంది. మీ పేరుతో ముందే ఓటు పడినా, మీరే అసలు మనిషి అని తేలితే పీవో మీకు కాగితం బ్యాలెట్ ఇవ్వాలి. ఆ వివరం ఫారం 17బీలో రాసి సంతకం తీసుకోవాలి. మిషన్‌లో మాత్రం వెయ్యనివ్వరు.

నీలంవేలు:
ఇచ్చారు, అదీ నేను గొడవ చేశాక. కాగితం మీద ముద్ర వేసి కవర్లో పెట్టారు. తర్వాత తెలిసింది, ఆ కవరు మామూలుగా లెక్కపెట్టరట. కోర్టుకి వెళ్తేనో ఏమో తెరుస్తారు. అంటే దొంగ ఓటు లెక్కలోకి వచ్చింది, నాది కవర్లో ఉంది.

లాజిక్‌లింగం:
ఇదుగో. ఇంకెవరైనా గర్వం గురించి మాట్లాడతారా?

కిటికీసీటు:
మాట్లాడతా. మనిషి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది చూడు. 2024 మేలో నేనూ వచ్చా హైదరాబాద్ నుంచి. 13న పోలింగ్, 11 సాయంత్రం బయల్దేరితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే రెండు గంటలు. కార్లు, బస్సులు, బైకుల మీద పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకుని జనం. నాకు బస్సులో సీటు లేదు (ఐడీ చూసి నవ్వకండి). సూర్యాపేట దాకా నిలబడ్డా. పక్కనున్నవాడికీ నాకూ పార్టీ విషయంలో పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని పది నిమిషాల్లో తెలిసిపోయింది, అయినా అతని జంతికల ప్యాకెట్టు ఇద్దరం కలిసి ఖాళీ చేశాం. మా ఇద్దరి ఓట్లూ ఒకదానికొకటి కొట్టేసుకుంటాయని ఇద్దరికీ తెలుసు, అలాంటప్పుడు ఇద్దరం కలిసి దిగిపోయి పడుకున్నా ఫలితం ఒకటే. ఆ మాట అంటే అతను "అట్లెట్లా, నాది నేను వెయ్యాల, నీది నువ్వు వెయ్యాల" అన్నాడు. ఆంధ్రాలో ఆసారి 80 శాతం దాటింది మరి.

ఉల్లిదోశ:
అదే రోజు హైదరాబాద్ పార్లమెంటు స్థానంలో 48 శాతం. అందరూ మీ బస్సులోనే ఉన్నట్టున్నారు.

వలసపక్షి:
హైదరాబాద్‌లో నడిచి వెళ్లగలిగినవాళ్లు వెళ్లలేదని చదివితే నాకు కడుపు మండుతుంది. నేను విదేశంలో ఉంటా, పౌరసత్వం మాత్రం ఇండియాదే. ఫారం 6ఏ పెట్టి ఓవర్సీస్ ఓటరుగా చేరా. కానీ ఓటు వెయ్యాలంటే పాస్‌పోర్టు పట్టుకుని మా ఊరి బూత్‌కే రావాలి, ఇక్కడి నుంచి కుదరదు. ఒకసారి వచ్చా. టికెట్టు ఖరీదు చెప్తే మా నాన్న కొడతాడని ఇప్పటికీ చెప్పలేదు.

దూరంగా ఉంటే గర్వం తేలిక, నేను ఒప్పుకుంటా. ఇక్కడ ఆఫీసులో 96 కోట్ల ఓటర్లు, పది లక్షల బూత్‌లు, గిర్ అడవిలో ఒక్క ఓటరు కోసం బూత్ పెడతారు అని చెప్తే అందరూ నోరు తెరుస్తారు. నేను కాలరెగరేస్తా. గడియ లేని బాత్రూము సంగతి వాళ్లకి చెప్పను. మీకు రోజూ రెండూ కనిపిస్తాయి, నాకు కావలసినది ఒక్కటే కనిపిస్తుంది.

పసుపుకొమ్ము:
మాది నిజామాబాద్ జిల్లా. 2019లో మా దగ్గర లోక్‌సభకి 185 మంది నిలబడ్డరు, అండ్ల 170 మందికి పైగా రైతులే. పసుపుకి ధర లేదు, బోర్డు కావాలె అని. మా పెద్దనాన్న కూడా నామినేషన్ ఏసిండు. డిపాజిట్ 25 వేలు, ఇంట్ల పెద్ద లొల్లి. ఒక మిషన్ మీద 16 పేర్లే పడతయి కదా, నోటాతో కలిపి 186 అయితే బూత్‌కి 12 మిషన్లు వరుసగా పెట్టిన్రు. మా నాయనమ్మ లోపలికి పోయి పది నిమిషాలైనా బయటికి రాలే. ఏందంటే, కొడుకు పేరు ఎతుకుతున్నది.

డిపాజిట్ పోయింది, ఆరో వంతు ఓట్లు రావాలె కదా. మా పెద్దనాన్నకి మాత్రం ఏం బాధ లేదు. "దేశం మొత్తం ఎన్కకి తిరిగి చూసింది" అంటడు. ప్రచారంలో ఏ నాయకుడొచ్చి దేశభక్తి మాట్లాడినా ఆయన ఒకటే అడుగుతడు, క్వింటాల్ ఎంతకు కొంటవని. నాకు తెలిసి మా ఇంట్ల దేశభక్తుడు ఆయనొక్కడే.

పాతఫైలు:
దానికి తాత నల్గొండ. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ చెప్పుకోవడానికి అక్కడ లోక్‌సభకి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా వేశారు.

లాజిక్‌లింగం:
ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పండి పాతఫైలుగారూ. డిపాజిట్ 500 నుంచి 10 వేలకి పెంచారు, ఇప్పుడు 25 వేలు. నీళ్లిమ్మంటే ఫీజు పెంచారు.

పాతఫైలు:
పెంచారు. నేను దాచలేదు, మీరు చెప్తారని వదిలేశాను.

పసుపుకొమ్ము:
బోర్డు 2025 జనవరిలో వచ్చింది లింగం అన్నా. ధర సంగతి మళ్ల మాట్లాడుదాం.

కొత్తఓటరు:
ఒక చిన్న డౌట్. మొదటిసారి వెయ్యబోతున్నా. ఇంకు పెట్టేటప్పుడు గోరుకి నెయిల్‌పాలిష్ ఉంటే పర్వాలేదా? ఫొటో బాగా రావాలి.

సీతాకోక77:
ఎడమ చేతి చూపుడువేలికి పెడతారు, గోరు మీదా చర్మం మీదా కలిపి. ఆ ఒక్క వేలికి తీసేసి వెళ్లు తల్లీ, మాకు పని తగ్గుతుంది. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, చర్మం మీది మచ్చ కొన్నాళ్లకి పోతుంది గానీ గోరు పెరిగి బయటికి వచ్చేదాకా గీత ఉంటుంది. మైసూరులో ఒకే కంపెనీ 1962 నుంచి చేస్తోంది దీన్ని.

ఉల్లిదోశ:
వెండి ఉప్పు పెట్టుకుంటున్నాం. బంగారం రేటుకి అదే నయం.

గోదారిగట్టు:
థ్రెడ్ ఇంత సాగుతుందనుకోలేదు. ఒకటి అడుగుతా. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి?

నీలంవేలు:
ఎత్తితే అందరం దొరుకుతాం కాబట్టి.

కిటికీసీటు:
మా వీధిలో పక్క వీధికి కవర్లు ఇచ్చి మాకు ఇవ్వలేదని జనం రోడ్డు మీద కూర్చున్నారు. సిగ్గు లేకుండా, పట్టపగలు. తీసుకోవడం కూడా నేరమే అని నేనంటే ఒక పెద్దాయన "బాబూ, ఐదేళ్లలో వాళ్లు నా దగ్గరకొచ్చేది ఈ ఒక్కరోజు, ఉత్త చేతుల్తో పంపాలా" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఇలాంటివాటి మీద ఫిర్యాదు చేసే సీవిజిల్ యాప్‌లో ఫొటో పెట్టేంత ధైర్యమూ లేకపోయింది, అందరూ తెలిసినవాళ్లే. మా ఇంటికొచ్చిన కవరు మా అమ్మ తీసుకుంది. గుళ్లో హుండీలో వేసిందట. దేవుడు కూడా ఇప్పుడు నేరస్థుడే.

సుద్దముక్క:
గోదారిగట్టు గారి మొదటి పోస్టుకి తిరిగి వస్తున్నా. బావగారూ తమ్ముడూ కొట్టుకునేది దేశం గురించి కాదు, ఎవరి నాయకుడు గొప్ప అని. అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఇదే చెప్పారు. మతంలో భక్తి ముక్తికి దారేమో గానీ, రాజకీయాల్లో మాత్రం పతనానికీ, నియంతృత్వానికీ దారి అని. మొదటి సాధారణ ఎన్నికలు జరగకముందే చెప్పారాయన. మా క్లాసులో చెప్తే పిల్లలు వింటారు, స్టాఫ్‌రూములో చెప్తే ఏ పార్టీ అని అడుగుతారు.

పాతఫైలు:
నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది, పార్టీ కోసం కాదు. 1977. నేను చిన్నవాణ్ణి, మా ఇంట్లో రేడియో చుట్టూ వీధి వీధంతా మూగింది. ఎమర్జెన్సీ పెట్టిన ప్రధాని సొంత నియోజకవర్గం రాయ్‌బరేలీలోనే ఓడిపోయారు. ఓడి, దిగిపోయారు. మూడేళ్లలో మళ్లీ జనమే ఆవిణ్ణి గెలిపించారు కూడా. 1999లో ఒక్క ఓటు తేడాతో, 269కి 270, కేంద్రంలో ప్రభుత్వం పడిపోయింది. లెక్క చెప్పగానే ప్రధాని లేచి వెళ్లి రాజీనామా ఇచ్చారు. తుపాకీ లేదు, గొడవ లేదు.

లాజిక్‌లింగం:
ఓడినవాడు దిగిపోవడం కనీస మర్యాద సార్. దానికి కూడా గర్వపడాలా?

పాతఫైలు:
కనీస మర్యాద పాటించినవాళ్లని మీరు ఈమధ్య ఎక్కడ చూశారు?

లాజిక్‌లింగం:
సరే. అదొక్కటి మీకు ఇచ్చేస్తున్నా.

ఉల్లిదోశ:
స్క్రీన్‌షాట్ తీసుకున్నా. లింగం అన్న ఒప్పుకున్న మొదటి పాయింట్.

మోడరేటర్:
రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు. మిగతావాళ్లు కానివ్వండి.

గోదారిగట్టు:
మీరందరూ ఇంత చెప్తుంటే ఉత్సాహం వచ్చి ఇప్పుడే ఓటర్ల జాబితా తెరిచి చూశాను. మా ఆవిడ పేరుంది. బావ పేరుంది, తమ్ముడి పేరుంది. మూడేళ్ల క్రితం పోయిన మా మావయ్య పేరు కూడా ఉంది. నా పేరు లేదు.

ఉల్లిదోశ:
😂😂 గర్వం మీద థ్రెడ్ వేసిన మనిషికి ఓటే లేదు.

సీతాకోక77:
పాత ఇంటి అడ్రసులో ఉందేమో కార్డు నంబరుతో వెతకండి. ఉంటే ఫారం 8 పెట్టి మార్పించుకోండి. అసలే లేకపోతే ఫారం 6. బీఎల్‌ఓ (మీ బూత్ జాబితా చూసే అధికారి) నంబరు కూడా అదే సైట్లో ఉంటుంది.

సుద్దముక్క:
ఇవాళే పెట్టండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఇక జాబితాలో ఎవరూ చేర్చలేరు. మావయ్యగారి పేరు మీద ఫారం 7 కూడా పెట్టించండి, లేకపోతే నీలంవేలు గారికి జరిగినట్టు ఆయన వచ్చి ఓటేసి వెళ్తారు.

నీలంవేలు:
నా ఓటు వేసింది కూడా అలాంటి పెద్దమనిషే అయ్యుంటాడు.

గోదారిగట్టు:
కార్డు నంబరుతో కూడా రాలేదు. ఫారం 6 నింపుతున్నాం. నేను కాదు, బావ నింపుతున్నాడు, ఇలాంటివి వాడికి బాగా తెలుసు. తమ్ముడు ఫొటో తీసి సైజు తగ్గిస్తున్నాడు. ఇద్దరూ చెరోవైపు కూర్చుని ఎవరికి వెయ్యాలో చెప్తూనే ఉన్నారు, మా ఆవిడ టీ పెడుతోంది.